తాడు వదలకుండా

నా ఎడమ మోచెయ్యి ఇవాళ్టికీ తిన్నగా సాగదు. చూసినవాళ్లు పుట్టుకతో వచ్చిందా అని అడుగుతారు. కాదు, ఒక్క మాట వల్ల వచ్చింది. ఆ మాట ‘వదులు’.

మాది ముసునూరు పక్క ఊరు. నూజివీడు రసాలంటే అందరూ లొట్టలేస్తారు గాని, ఆ కాయ దెబ్బ తగలకుండా చెట్టు దిగడానికి ఎంత తంటాలు పడాలో తినేవాళ్లకి తెలియదు. అందే కాయని పొడవాటి కర్రకి కట్టిన చిక్కంతో కోస్తారు. చిక్కమంటే తాడుతో అల్లిన చిన్న వలసంచి. చిక్కం అందని చిటారు కొమ్మలకి మనిషి ఎక్కాల్సిందే. కింద నలుగురు గోనెపట్టా నాలుగు మూలలూ పట్టుకుని నిలబడతారు. పట్టా సర్దుకోగానే ‘వదులు!’ అని కేక పెడతారు. పైనున్న మనిషి ఆ కేక వినగానే గుప్పిట తెరవాలి. ఆలోచిస్తూ కూర్చుంటే కిందవాళ్లు కదిలిపోతారు, కాయ నేల మీద పడుతుంది. నేల మీద పడిన కాయ మాగదు, కుళ్లుతుంది. అందుకని మా తోటల్లో పెరిగినవాళ్లకి ఆ మాట చెవిన పడటమూ, వేళ్లు విచ్చుకోవడమూ ఒక్కటే.

యాభైల చివర్లో, నాకు పన్నెండేళ్లప్పుడు, ఒకరోజు నేను చెట్టు మీద ఉన్నాను. ఎవరూ ఎక్కమనలేదు. ఎక్కొద్దన్నారు కాబట్టి ఎక్కాను. కుడిచేతిలో కాయ, ఎడమచేతిలో కొమ్మ. పక్క చెట్టు కింద ఎవరో ఇంకెవరికో ‘వదులు!’ అని అరిచారు. నేను రెండు చేతులూ వదిలేశాను.

కట్టు కట్టినాయన ఎముక భలేగా కుదిరిందన్నాడు. ఆయనకి అలా అనిపించింది కాబోలు.

ఆ తరవాత అదే మాట ఇంకో రూపంలో నా వెంటపడింది. బిందె ఎత్తబోతే ‘ఆ చేత్తో నీకెందుకు, వదిలెయ్’. సైకిలు నేర్చుకుంటానంటే ‘వదిలెయ్’. ఎస్సెస్సెల్సీ పాసై నూజివీడులో పైచదువు చదువుతానంటే ‘పోనీ, వదిలెయ్యమ్మా’. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. వదిలెయ్యమన్న ప్రతిదాన్నీ ఇంకాస్త గట్టిగా పట్టుకునేదాన్ని. నాన్న దానికి ‘తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు’ అని పేరు పెట్టారు. మూడే ఉంటే ఉండనీ, కుందేలు నాది.

నాకు ఇరవయ్యేళ్లు నిండేసరికి, అంటే అరవైలు సగం గడిచేసరికి, తోట దాదాపు నా చేతికి వచ్చింది. ఎవరో ప్రేమగా ఇచ్చారని కాదు. నాన్నకి మోకాళ్ల నొప్పులు వచ్చి అరుగు దిగడం తగ్గించారు, నాకు అన్నదమ్ములు లేరు. రెండేళ్లపాటు పూత నుంచి కోత దాకా నేనే తిరిగాను. ఏ చెట్టుకి తేనెమంచు పురుగు పట్టిందో, ఏ కాపలావాడు మధ్యాహ్నం గుర్రుపెడతాడో, వరిగడ్డిలో మాగేసిన కాయ ఎన్నో రోజుకి రంగు తిరుగుతుందో నాకు తెలుసు. ఎవరైనా అడిగితే మాత్రం నాన్న ‘మా అమ్మాయి కాలక్షేపానికి అలా తోటకెళ్లొస్తుందండీ’ అనేవారు. మే నెల ఎండలో నలభైమంది కూలీల మధ్య సొన కారి చేతులు పొక్కితే, అది కాలక్షేపమట!

ఆ ఏడు మాఘమాసం చివర పూత బాగా నిలిచింది. సరిగ్గా అప్పుడే నాన్న తోటని ఐదేళ్లకి గుత్తకిచ్చేద్దామని నిశ్చయించారు. జి. కొండూరు వైపు గుత్తేదారు ఒకాయన సోమవారం తాంబూలంతో వస్తానన్నాడు. ఈ బేరం కుదిర్చింది మా మేనత్త కొడుకు, నాకు బావ. మా వైపు తాంబూలం పుచ్చుకుంటే మాట ఖాయమైనట్టే. ఇక ఐదేళ్లపాటు మా చెట్టు కింద నేను నిలబడాలన్నా పరాయి కాపలావాడిని అడగాలి.

ఆ ముందు గురువారం తండేలు వచ్చాడు. తండేలంటే నావ మీద పెద్ద, చుక్కాని పట్టేవాడు. బందరు రేవు దగ్గర వాళ్ల ఊరు. వలలు అల్లే చేతులే కదా, ఏటా మాఘంలో చిక్కాలు అల్లి మా తోటల వెంట తిరిగి అమ్ముకునేవాడు. చిక్కాల కట్ట అరుగు మీద దించి నాన్న ముందు చతికిలబడ్డాడు.

“ఈ ఏడు మాకొద్దయ్యా. తోట గుత్తకిచ్చేస్తున్నాం. ఆయన చిక్కాలు ఆయనే తెచ్చుకుంటాడు” అన్నారు నాన్న.

నేను గడపలో నిలబడి ఉన్నాను. “ఇవ్వటంలేదు. ఎప్పట్లాగే పాతిక కావాలి తండేలూ” అన్నాను.

నాన్న తల తిప్పకుండానే “నువ్వు లోపలికెళ్లు” అన్నారు.

“ఎందుకిస్తున్నారో చెప్పండి, వెళ్తాను.”

“ఎందుకా? గాలొస్తుంది కనక. వైశాఖంలో ఒక్క గాలివాన చాలు. కూలీలు తలో దిక్కూ పరిగెడుతుంటే ఆ చెయ్యేసుకుని ఏం చేస్తావ్? తోటంటే గాలిలో నిలబడటమమ్మా. పూత చూసి మురిసిపోవటం కాదు.”

తండేలు నవ్వాడు. “గాలి సంగతైతే మమ్మల్నడగాలండి బాబుగారూ. మాకు రోజూ దాంతోనే కాపరం.”

నాన్న కూడా నవ్వారు. ఆ నవ్వులోనే నోరు జారారు. “అయితే ఈవిడ్ని తీసుకుపోవయ్యా! రెండ్రోజులు నీ నావ మీద పెట్టుకో. తాడు వదలకుండా ఒడ్డుకొచ్చిందంటే గుత్తేదార్ని వెనక్కి పంపేస్తా.”

అరుగు మీద అప్పటికి నలుగురైదుగురు ఉన్నారు. బావ కూడా ఉన్నాడు.

“మాటేనా?” అన్నాను.

“మాటే” అన్నారు నాన్న, ఇంకా నవ్వుతూనే.

తండేలు మా ఇద్దరి మొహాలూ చూసి, మెల్లగా “శనివారం మా ఆడదాన్ని హంసలదీవి కాడ దాని పుట్టింట్లో దింపాలండి, చెల్లెలి పురుడు. ఆదివారం తిరిగొచ్చేస్తాం. ఆడతోడు ఉంటది” అన్నాడు. ఆ మాటతో నాన్న నవ్వు ఆగిపోయింది.

సాయంత్రానికి నాన్న సర్దుబాటు మొదలుపెట్టారు. సరదాకి అన్నాను అన్నారు. నేనూ సరదాకే వెళ్తున్నాను అన్నాను. ‘తిరక్క మగాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది’ అని సామెత తీశారు. నాన్న మోకాళ్ల వంక చూసి, మొదటి సగం నిజమేలెండి అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, కానీ ఆ రోజు నోరు ఊరుకోలేదు. చివరికి ఐదుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేక, బావని సాక్షిగా తోడిచ్చి పంపారు. అమ్మ మాత్రం పాత ఆవకాయ చిన్న జాడీకెత్తి మూతికి గుడ్డతో వాసెన కట్టి నా సంచిలో పెట్టింది.

శుక్రవారం బస్సుల్లో బందరు చేరి మా పిన్ని ఇంట్లో పడుకున్నాం. శనివారం తెల్లవారేసరికి రేవులో ఉన్నాం. బావ కొత్త టెర్లిన్ చొక్కా, నల్ల కళ్లద్దాలు వేసుకొచ్చాడు. నావ చూసి “ఇంతేనా?” అన్నాడు. అదీ నిజమే. మా ఇంటి ఎడ్లబండికి రెండింతలుంటుందేమో, మధ్యలో ఒక కొయ్య, కొయ్యకి అతుకులేసిన తెరచాప. చెప్పులు ఒడ్డునే విడవమన్నారు. బావ ఆ కొత్త చెప్పుల్ని వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ ఎక్కాడు.

నేను అనుకున్నది ఒకటి, అక్కడ చూసింది ఇంకొకటి. తండేలు చుక్కాని దగ్గర కూర్చున్నాడు. తెరచాప అంచుకి కట్టిన తాడు పట్టుకుని అంచు మీద కూర్చున్నది ఆయన భార్య. యాభై దగ్గరి మనిషి, ముతక చీర గోచీ పెట్టి కట్టి, నోట్లో చుట్ట. “మా మరిది మద్రాసు పోయిన కాడ్నుంచి నేనే” అంది, నేను అడక్కుండానే. మా ఊళ్లో నాకు బిందె ఎత్తే యోగ్యత ఉందా లేదా అని పదేళ్లుగా వాదన నడుస్తోంది. ఇక్కడ ఈవిడ ఒంటిచేత్తో గాలిని పట్టుకుని, రెండోచేత్తో చుట్ట నుసి దులుపుతోంది. నాకు నవ్వొచ్చింది, ఒళ్లు మండింది కూడా.

పొద్దుటి గాలి ఒడ్డు మీంచి మెత్తగా వీస్తోంది. కాలవ సముద్రంలో కలిసే మొగ దాటాక నావ దక్షిణానికి తిరిగింది. కుడిచేతి వైపు ఒడ్డు సన్నగీతలా మిగిలింది. అప్పటిదాకా నేను సముద్రాన్ని మోకాళ్ల లోతు దాకానే ఎరుగుదును. భయం వేసిందా అంటే వేసింది. కానీ బావ అప్పటికే నల్ల కళ్లద్దాలు తీసేసి, అంచు పట్టుకుని, పొద్దున తిన్న పిన్ని ఇడ్లీలన్నీ సముద్రానికి సమర్పిస్తున్నాడు. ఆ పక్కన నేనూ భయపడితే బాగుండదని ఊరుకున్నాను.

“తాడు ఇవ్వండి” అన్నాను.

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన తలూపాడు. తాడు నా చేతికిచ్చి పక్కనే కూర్చుంది. కొబ్బరిపీచు తాడు, తడిసి బరువుగా, పిల్లిలా గీరుతోంది. గాలి నా చేతుల్లోకి వచ్చి లాగుతుంటే, మా తోటలో ఏ చెట్టు మీదా ఎరగని ఒక గర్వం కలిగింది. అంతా కలిపి పావుగంట ఉందేమో ఆ గర్వం.

గాలి దిక్కు మారి ఒక్కసారి బలంగా కొట్టింది. నావ ఒక వైపు ఒరిగింది. తండేలు వెనకనుంచి కేక పెట్టాడు: “వదులు!”

నా రెండు గుప్పిళ్లూ విచ్చుకున్నాయి.

తాడు పాములా జారిపోయింది. తెరచాప టపటపా కొట్టుకుంది. గాలికి ఎదురుగా ఎత్తయిన అంచున కూర్చున్నాం కదా, అటు లాగే గాలి పోయేసరికి నావ మా బరువుకి మా వైపే పడింది. ఇంత అల లోపలికొచ్చింది. నా సంచి కొట్టుకుపోయి కొయ్యకి తగిలి జాడీ పగిలింది. నావ అడుగున నీళ్లన్నీ ఎర్రబడ్డాయి. అందులోనే పడి ఉన్న బావ కళ్లు తెరిచి చూసి “రక్తం! రక్తం!” అని ఊళ్లు లేచేలా అరిచాడు. ఆవకాయ కారం కళ్లలో పడ్డాక రక్తం కాదని ఆయనకే తెలిసింది.

తండేలు భార్య కొయ్య దగ్గరికి దూకి తాడు కొస దొరకబుచ్చుకుంది. “ఏయ్ పిల్లా! ఎందుకొదిలేశావే?” అంది. అప్పటిదాకా పిలిచిన ‘అమ్మాయిగారు’ ఆ అలతోనే పోయింది.

“వదులన్నాడుగా!” అని నేనూ అరిచాను.

“వదులంటే వదులు చెయ్యమని! జాకెట్టు బిగుతైతే వదులు చేస్తావా, విప్పి పారేస్తావా?”

ఆవకాయ నీళ్లలో కూర్చుని డబ్బాతో తోడుతూ ఏడ్చాను. భయానికి కాదు, కోపానికి. తాడు వదలకుండా వస్తే తోట నాది. పొద్దు నడినెత్తికి రాకముందే వదిలేశాను. సాక్షి కళ్లారా చూశాడు, పైగా కళ్లలో కారం కూడా కొట్టించుకున్నాడు. ఒక్క మాటకి చెయ్యి పోయింది, అదే మాటకి ఇప్పుడు తోట పోయింది.

మళ్లీ తాడు అడిగాను. ఈసారి ఎవడు వదులన్నా పోకుండా వంకర మోచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. ఆవిడ నా చేతి మీద ఫెడీమని ఒక్కటేసింది. “తాడు ఒంటికి చుట్టుకున్నోళ్లని సముద్రం తాడుతో సహా పట్టుకుపోద్ది. పొగరుంటే సరిపోద్దా?” అని చుట్లు విప్పి, అంచుకి కొట్టిన కొయ్యమేకుకి ఒక చుట్టు వేసింది. “బరువు మేకు మోస్తది. నువ్వు కొసన పట్టుకో. వదులన్నప్పుడు జానెడు జారనివ్వు. పట్టన్నప్పుడు లాక్కో. ఊరికే పట్టుకు కూర్చుంటే నావ తిరగబడుద్ది, ఊరికే వదిలేస్తే నావ ఆగిపోద్ది.”

వినడానికి ఎంత తేలికో! వేళ్లు వినాలి కదా. మధ్యాహ్నం దాకా ఆయన వదులన్నప్పుడల్లా నా వేళ్లు విచ్చుకోబోయేవి, ఆవిడ గభాల్న నా గుప్పిట మీద గుప్పిట మూసేది.

మధ్యాహ్నం దాటాక హంసలదీవి పక్కన ఇసక మీద దిగాం. బావ నేల మీద కాలు పెట్టగానే పడుకుని, ఇసకని కౌగిలించుకుని, ఇక్కణ్నుంచి నడిచైనా పోతానన్నాడు. ఎటు నడవాలో ఎవరూ చెప్పలేదు. పుట్టింటివాళ్లు చేపల పులుసు, అన్నం పెట్టారు. పులుసులో ఎండు మామిడికాయ ముక్కైనా పడలేదని నేను వంక పెట్టాను. అంత ఓటమిలోనూ నాలిక నాలికే.

పొద్దు వాలుతుండగా తండేలు, ఆదివారం తాడు పట్టడానికి బావమరిదిని రమ్మని అడుగుతున్నాడు. భార్య అడ్డుపడింది. “ఈ అమ్మాయి ఉందిగా.”

“వదిలేసింది గదే!”

“ఒకసారి వదిలేసినోళ్లు మళ్లీ వదలరు. రావే ఇటు” అని నన్ను రేవు గుంజ దగ్గరికి తీసుకుపోయింది.

గుంజకి తాడు ఒక చుట్టు వేసి ఒక కొస నాకిచ్చింది. రెండో కొస తను పట్టుకుని గాలి తనే అయింది. ఒక్క ఊపున లాగేది, “వదులు!” అనేది. నేను జానెడు వదిలి ఆపాలి. మొదట పదిసార్లు మొత్తం వదిలేశాను, ఆవిడ పదిసార్లూ వెల్లకిలా ఇసకలో పడింది. పడ్డప్పుడల్లా ఒక బూతు మాట అని లేచేది. ఊళ్లో ఆడవాళ్లు పురిటింటి పని మానేసి వచ్చి చుట్టూ నిలబడి నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. వదులు, పట్టు, వదులు, పట్టు. ఎప్పుడు మారిందో తెలియదు, ఒకసారి ఆవిడ వదులు అంది, నా వేళ్లు నన్నడిగాయి. ఎంత అని అడిగాయి. పన్నెండో ఏట నుంచి అవి నన్ను ఏదీ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచాక బయలుదేరాం. ఆవిడ ఒడ్డునే ఉండిపోయింది. చుక్కాని దగ్గర తండేలు, తాడు దగ్గర నేను, నావ అడుగున గోనె కప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని బావ. గాలి వెనకనుంచి తోస్తున్నంతసేపు హాయిగానే ఉంది. మొగ దగ్గరికొచ్చి పడమటికి తిరిగేసరికి అదే గాలి పక్కనుంచి కొట్టడం మొదలెట్టింది. మొగలో అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తెల్లగా విరుగుతున్నాయి. తండేలు మొహంలో నవ్వు లేదు.

“వదులు!”

జానెడు.

“పట్టు! పట్టు! వదులు!”

ఇంకో జానెడు. తాడు మేకు చుట్టూ కిర్రుమంటూ జారుతుంటే అరచేతుల చర్మం కూడా దాంతోపాటు పోయింది. సొనతో పొక్కిన చేతులే, నొప్పి కొత్తేమీ కాదు. వంకర మోచెయ్యి వల్ల ఎడమచెయ్యి చాచలేకపోయాను గనక ఒంటికి దగ్గరగా పెట్టుకునే లాగాను. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు, నాకున్న చెయ్యి అదే. ఒక పెద్ద అల మీద నావ పూర్తిగా ఒరిగినప్పుడు మాత్రం కేక రాకముందే నా చెయ్యి వదులు చేసింది. వెనక్కి తిరిగి చూశాను. తండేలు నోరు తెరిచి, కేక పెట్టకుండానే మూసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకి రేవులో దిగాం. “నావకి పనికొస్తావమ్మాయ్” అన్నాడు తండేలు. అంతకు మించిన సర్టిఫికెట్టు నాకు ఏ స్కూలూ ఇవ్వలేదు. అలవాటు కొద్దీ “పాతిక చిక్కాలు మర్చిపోకు” అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి తెరచాప దించసాగాడు.

సోమవారం మొదటి బస్సుకి బయలుదేరి ఇల్లు చేరేసరికి గుత్తేదారు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. తెల్లటి పంచె, పెద్దమనిషే. పక్కన ఇత్తడి పళ్లెంలో తాంబూలం. అమ్మ నా చేతులు చూసి, గుండెలు బాదుకోకుండా, పసుపూ నూనే కలిపి పట్టేసింది. నాన్న దృష్టి నా మీద లేదు. బావని అడిగారు.

“ఏరా, తాడు వదిలిందా?”

బావ నా వంక చూశాడు. బేరం ఆయన కుదిర్చిందే. అయినా ఆయన అబద్ధం చెప్పలేదు. “శనివారం వదిలేసింది మామయ్యా. నా కళ్లతో చూశాను.”

“నిజమేనా?”

“నిజమే. వదిలేశాను” అన్నాను.

నాన్న నిట్టూర్చారు. సంతోషించలేదు, అది చెప్పాలి. ఆయనకి నా మీద ప్రేమ లేక కాదు. మళ్లీ ఎక్కడ కిందపడతానో అని ఆయన పదేళ్లుగా భయపడుతూనే ఉన్నారు. ఆ భయంతోనే నన్ను అరుగు మీద కూర్చోబెట్టాలని చూశారు. “పోనీలే అమ్మా, ఇక వదిలెయ్యి” అని, పళ్లెం అందుకోవడానికి చెయ్యి చాచారు.

ఆయన ఒకవైపు పట్టుకునేసరికి నేను రెండోవైపు పట్టుకున్నాను. ఇత్తడి అంచు పచ్చి పుండు మీద దిగింది. గుత్తేదారు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

“వదులమ్మా” అన్నారు నాన్న.

“వదులు చెయ్యమంటున్నారా, వదిలెయ్యమంటున్నారా?”

“ఏంటీ?”

“రెండూ ఒకటి కాదు నాన్నా. నాకూ మొన్నటిదాకా తెలీదు. తాడు వదలకుండా ఏ నావా ఒడ్డుకి రాదు. బిగబట్టుకు కూర్చుంటే తిరగబడుద్ది. మీరు పెట్టిన పందెమే తప్పు. వదులు చెయ్యమంటే చేస్తాను. ఈ ఒక్క కోతా నాకివ్వండి. పాడు చేశాననిపిస్తే వచ్చే మాఘానికి ఈయన్నే పిలవండి, నేనే కాఫీ కలిపిస్తాను. ఐదేళ్లకీ వదిలెయ్యమంటే మాత్రం వదలను. ఈ పళ్లెం కూడా వదలను.”

నాన్న నా చేతుల వంక చూశారు. పసుపు కిందనుంచి ఎర్రగా కనిపిస్తోంది. “తాడు ఎక్కణ్నుంచి పట్టుకున్నావ్?”

“హంసలదీవి నుంచి రేవు దాకా.”

నాన్న బావ వైపు తిరిగారు. “నువ్వు చూశావా?”

“నేనెక్కడ చూశాను మామయ్యా, కళ్లు మూసుకు పడున్నాను” అన్నాడు బావ. తల గోక్కున్నాడు. “కానీ ఆదివారం నావ ఎక్కడా ఆగలేదు. తిరగబడనూ లేదు. అక్కడ మేం ముగ్గురమే ఉన్నాం. నేనైతే పట్టుకోలేదు.”

ఆ ఒక్క మాటకి బావ మీద నా జన్మలో ఉన్న కోపమంతా మాఫీ చేశాను. బస్సులో కూడా వాంతి చేసుకునే మనిషి సాక్ష్యం మాత్రం నిటారుగా చెప్పాడు.

పళ్లెం ఇంకా మా ఇద్దరి చేతుల్లోనే ఉంది. ముందు చెయ్యి తీసింది నాన్న.

నేను పళ్లెం గుత్తేదారు వైపు తిప్పి, “ఏమనుకోకండీ, ఈ ఏడు ఇవ్వటంలేదు” అన్నాను. ఆయన నాన్న వంక చూశాడు. నాన్న వీధిలోకి చూస్తున్నారు. గుత్తేదారు తాంబూలం కండువాలో కట్టుకుని లేచాడు, బావ బస్సు దాకా సాగనంపడానికి వెనకే పరిగెత్తాడు.

నాన్న మోకాళ్లు రాసుకుంటూ కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిడితే ఏం చెప్పాలో కూడా వరసగా పెట్టుకున్నాను.

“తండేలుకి చిక్కాలు ఎన్ని చెప్పావ్?” అన్నారు.

“పాతిక.”

“చాలవు. పూత చూశావుగా ఎలా నిలిచిందో. నలభై కావాలి.” గూట్లోంచి కార్డు ముక్క అందుకుని, జేబులో కలం తీసి, కళ్లద్దాలు పెట్టుకున్నారు. “నీ చేతులు ఎలాగూ కలం పట్టవు. అడ్రసు చెప్పు, నేను రాస్తాను.”